నాయిన చేతిలో వేడెక్కని బండి

మా నాయిన సంవత్సరీకానికి వచ్చిన వాళ్ళలో మెకానిక్ సారయ్య ఒకడు. రమ్మని పిలిచింది అమ్మ. నేనైతే పిలిచేదాన్ని కాదు. బంతిలో మధ్యన కూర్చుని, మూడో గారె తుంచుకుంటూ, నలుగురూ వినేలా అన్నాడు: "యాదున్నదా చెల్లె, గా బండి నీ చేతిలకు వస్తె సాలు, పొయ్యి మీద పెట్టినట్టు కాగేది. అదే మీ నాయిన నడిపితే సల్లగ పోయేది. ఆ మనిషి చెయ్యి అసుంటిది." బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చనిపోయిన మనిషి గొప్పతనం ఒకటి కొత్తగా దొరికినందుకు సంతోషంగా నవ్వారు. నా చేతిలో సాంబారు బకెట్టు ఉంది. సారయ్య నెత్తి మీద కుమ్మరిస్తే ఎట్లా ఉంటుందా అని నిజంగానే ఒక క్షణం ఆలోచించాను. వడ్డించే మనిషికి ఆలోచనలు ఉండకూడదంటుంది మా అమ్మ. సాంబారు పోసి లోపలికి వచ్చాను.

లోపల మంచం కింద నాయిన రేకుపెట్టె ఉంది. ఆఖరి ఆరేళ్ళు మా ఇంట్లోనే, ఈ భద్రాచలంలోనే ఉన్నాడు ఆయన. ఆ ఆరేళ్ళలో ఆ పెట్టెను నన్ను ముట్టనివ్వలేదు. పోయి ఏడాదైనా నేను దాన్ని తెరవలేదు, నాకేం అవసరం. ఆ రోజు తెరిచాను. పాత బొగ్గుబాయి జెర్సీ ముక్క, టార్చిలైటు, బీడీకట్ట, దాని కింద గుడ్డలో చుట్టిన పద్నాలుగో నంబరు పానా. దాని నోట్లో, ఇనుము ఇనుమూ కలిసే మూలన, ఊదారంగు మరక. ఇన్నేళ్ళయినా పోలేదు. ఆయన తుడవనూ లేదు. ఆ మరక పెట్టింది నేనే. దాని సంగతి ఆ బంతిలో ఉన్న వాళ్ళెవరికీ తెలియదు కనుక, ఇక్కడ రాస్తున్నాను. చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెప్పడానికి బయట పాతికమంది కూర్చుని ఉన్నారు, వాళ్ళు చాలు.

మా నాయిన బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు హాలేజీ నడిపాడు. బాయి లోపలి నుంచి బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అది. ఆయన చేతిలో ఉండేవి రెండే: ఒకటి లాగే పిడి, రెండోది ఆపే పిడి. రిటైరై, దుమ్ముగూడెం రోడ్డు మీద మా తాత జాగాలో రెండు గదులు కట్టుకుని వచ్చాక కూడా ఆయన బాయిని వదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి, మొదటి షిఫ్టుకు పోయేవాడిలా లేచేవాడు. పక్క మూడిళ్ళ వాళ్ళు లేచేలా పుక్కిలించేవాడు. అమ్మ బొగ్గు కుంపటి రాజేసేది. మా ఇంట్లో చాయకు ఎప్పుడూ బొగ్గు పొగ వాసన ఉండేది. నేను ఖమ్మంలో హాస్టల్‌లో ఉండి నర్సు ట్రైనింగ్ చేసిన రోజుల్లో అక్కడి చాయలో ఏదో తక్కువైందనిపించేది. అది ఆ పొగేనని తర్వాత తెలిసింది. చాయ తాగి, గొంగడి మీద వేసుకుని, బండి దగ్గర కూర్చునేవాడు. వంద సీసీ బండి, రిటైరైనప్పుడు కొన్నది. చలికాలమైనా, ఇప్పపూలు రాలి ఊరంతా కల్లు వాసన కొట్టే ఎండాకాలమైనా, తెల్లారేదాకా దాన్ని జెర్సీ ముక్కతో తుడుస్తూనే ఉండేవాడు. "నా మొకం గూడ గట్ల ఎన్నడు తుడువలే" అనేది అమ్మ. ఆయన వినిపించుకునేవాడు కాదు. వాకిట్లో నుంచి టక్కుటక్కుమని చప్పుడు వినపడేది. ముసలాయన బండితో ముచ్చట పెడుతున్నాడని నేను దుప్పటి ముసుగేసుకుని పడుకునేదాన్ని. నా అంత వెర్రిది ఇంకొకతి ఉంటుందా!

అప్పటికి జిల్లా అంతా ఒకటే, ఖమ్మం. ట్రైనింగ్ అయిపోయిన నాలుగు నెలలకు నాకు కాంట్రాక్టు నర్సు పోస్టు వచ్చింది. పర్ణశాల దారిలో ఉన్న ఆసుపత్రి నుంచి టీకాల డబ్బా తీసుకుని, అక్కడి నుంచి అడవిలోకి చీలిన దారుల్లో పద్నాలుగు గుంపులు తిరగాలి. మా దిక్కున గుంపు అంటే పది ఇరవై ఇళ్ళ పల్లె. బస్సు లేదు, ఆటో పోదు. సైకిలు మీద పోతే డబ్బాలో ఐసు కరుగుతుంది. ఐసు కరిగితే టీకా చెడుతుంది. "అడవిల ఆడపిల్లకేం నౌకరి? మానెయ్" అన్నాడు నాయిన. అమ్మ జన్మలో మొదటిసారి ఆయనకు ఎదురుపడింది. "నేను కుంపటి ఊదుకుంట ముసల్దాన్నయిన. అదిగూడ ఊదాల్నా? బండియ్యి దానికి." మూడు రోజులు ఇంట్లో కూర మాడింది, చాయలో చక్కెర తప్పింది. నాలుగోనాడు తాళంచెవి ఇచ్చాడు. ఇచ్చాడంటే చేతికి ఇవ్వలేదు, గడప మీద పడేశాడు. వంగి తీసుకున్నాను. ఆ వంగడం నాకు ఇప్పటికీ నడుములో ఉంది.

మూడు మెమోలు వస్తే కాంట్రాక్టు పొడిగించరు. ఆ మాట డాక్టరమ్మ నేను చేరిన రోజే చెప్పింది. ఆమె చెడ్డది కాదు, కానీ నవ్వదు. బుధవారం, శనివారం టీకాలు. పది గంటలలోపు గుంపుకు చేరాలి. అది దాటితే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పొలానికో తునికాకు కోతకో పోతారు. వాళ్ళు కూలి మానుకుని నా కోసం కూర్చోరు, కూర్చోమనే హక్కు నాకూ లేదు. అట్లా నేను వారానికి రెండుసార్లు భుజానికి నీలం డబ్బా వేలాడేసుకుని, చుడీదారు మీద తెల్లకోటు వేసుకుని, ఆ బండి ఎక్కేదాన్ని. రోడ్డు మీద మగవాళ్ళు తలలు తిప్పి తిప్పి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ, కళ్ళు నొచ్చేది వాళ్ళకే కదా.

బండి వేడెక్కేది. మామూలు వేడి కాదు. పది కిలోమీటర్లు పోయేసరికి కాలిపోయిన నూనె వాసన వచ్చేది. తర్వాత లాగడం తగ్గేది. ఎంత రేజు ఇచ్చినా ముసలెద్దులా మూలిగేది. చిన్న ఎత్తు వచ్చిందంటే లోపల గులకరాళ్ళు వేసినట్టు టకటకలాడి ఆగిపోయేది. ఇంజను పక్కన కాలు పెట్టలేకపోయేదాన్ని. అరగంట ఆగితేగానీ కిక్కు దిగేది కాదు. పర్ణశాల పోయే యాత్రికుల ఆటోలు పక్కనుంచి పోతూ హారన్ కొట్టేవి. ఒకసారి ఆటోలోని పెద్దమనిషి ఒకాయన తల బయటపెట్టి, "సీతమ్మవారు కూడా నడిచే పోయిందమ్మా!" అన్నాడు. ఆయన వెంట ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నేను డబ్బాను చెట్టు నీడలో పెట్టి, దాని మీద నా తడి చున్నీ కప్పి, ఇంజను చల్లారే చప్పుడు వింటూ నిలబడ్డాను. గుంపు చేరేసరికి పదకొండున్నర. తల్లులు లేరు. మొదటి మెమో ఆ వారమే వచ్చింది.

ఇంటికి వచ్చి చెబితే నాయిన బండెక్కి భద్రాచలం పోయి వచ్చేవాడు. రావడం పోవడం అరవై కిలోమీటర్లు. ఇంజను మీద చేయి పెట్టి నాకు చూపించేవాడు. "సూడు, ఎంత సల్లగున్నదో. నా చేతిల వేడెక్కదు. నీకు నడుపరాదు." చేయి పెట్టి చూసేదాన్ని. నిజంగానే గోరువెచ్చగా ఉండేది. ఇద్దరమూ తోలింది అదే బండి, అదే పెట్రోలు, అదే రోడ్డు. నా చేతిలో మాత్రమే కాగుతుందంటే నా చేతిలోనే ఏదో దరిద్రం ఉందని నేనే నమ్మడం మొదలుపెట్టాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అవమానించినందుకు కాదు, నమ్మించినందుకు.

శుక్రవారం వస్తే బండిని రోడ్డు మలుపు దగ్గర సారయ్య దుకాణానికి నాయినే స్వయంగా తీసుకుపోయేవాడు. నేను వెనక నడిచి పోయేదాన్ని. సారయ్య మొదటి వారం నూనె మార్చాడు. రెండో వారం ప్లగ్గు మార్చి, కార్బొరేటరు విప్పి పెట్రోల్లో కడిగాడు. "గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే కాగుతది" అని స్క్రూ తిప్పాడు. మూడోసారి వాల్వుల సందు సరిచేశాడు. ఆఖరికి హెడ్డు విప్పి, లోపలి మసి గీకి, ప్యాకింగు మార్చి బిగించాడు. ప్రతిసారీ తానే ఒక చుట్టు నడిపి వచ్చి, నాయినతో చెప్పేవాడు, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే: "బండిల ఏం లేదు పెద్దాయనా. నడిపేటామెల ఉన్నది. సగం క్లచ్చు పట్టి తోలుతది గావచ్చు." నాయిన తల ఊపేవాడు. సగం క్లచ్చు మాట విన్నప్పటి నుంచి నేను గేరు మార్చగానే ఎడమచేయి వేళ్ళన్నీ చాపి తోలేదాన్ని, ఎదురొచ్చేవాళ్ళు ఆశీర్వదిస్తున్నాననుకునేలా. అయినా వేడెక్కింది. ఆదివారాలు కిరోసిన్, పళ్ళు తోముకునే పాత బ్రష్షు తీసుకుని ఇంజను రెక్కల మధ్య మట్టి గీకేదాన్ని. ఆ రెక్కలకు గాలి తగిలితేనే ఇంజను చల్లబడుతుందని ఎక్కడో చదివాను. గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. నాయిన అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ చూసేవాడు. ఒక్కరోజన్నా వద్దులే బిడ్డా అనలేదు. రెండో మెమో వచ్చింది.

బాయి ముచ్చట్లు మాత్రం రోజూ చెప్పేవాడు. ఒక ముచ్చట వందసార్లు విన్నాను. బాయిలో ఆయనతో కలిసి పనిచేసిన సోపతి కొమురయ్య, తాడు తెగి జారిన టబ్బుల కింద పడి పోయాడు. నాయినే ఎత్తుకొచ్చాడట, రెండు విడతలుగా. అది చెప్పి చివర ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "బాయిల సచ్చినోళ్ళంత ఉరుకుడుతోనే సచ్చిండ్రు. ఆగుడుతోని సచ్చినోడు ఒక్కడు లేడు." అన్నం ముందు కూర్చుని ఈ కథ వినీ వినీ నాకు కొమురయ్య మీద కూడా కోపం వచ్చేది, పాపం, ఆయనేం చేశాడని.

వానలు పడ్డాయి. ఒక బుధవారం, వాగు మోకాలి లోతు పారుతోంది. బండిని మొదటి గేరులో, కాళ్ళు రెండూ ఎత్తి, దాటించాను. ఒడ్డు ఎక్కి ఆగితే ఇంజను నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. అది నాకు అలవాటే, కాగిన పెనం మీద నీళ్ళు పడితే లేవదా? దిగి కోటు అంచు పిండుకుంటూ వెనక్కి చూశాను. వెనుక చక్రం మధ్య నుంచి కూడా ఆవిరి వస్తోంది. అక్కడ నిప్పు లేదు, పెట్రోలు లేదు. అక్కడెందుకు రావాలి? ముందు చక్రం చూశాను. నీళ్ళు కారుతున్నాయి, ఆవిరి లేదు. ముందు చక్రం మధ్యలోని గుండు మీద చేయి పెట్టాను, వాగు నీళ్ళంత చల్లగా ఉంది. వెనక దాని మీద పెట్టాను. అమ్మా! అని అరిచాను. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ, వాగు ఒడ్డున ఒంటరిగా నిలబడి, ఎనిమిది నెలల్లో మొదటిసారి సరిగ్గా ఆలోచించాను.

బండిని డబుల్ స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాను. సగం చుట్టు కూడా తిరగలేదు. కర్రుమని ఆగింది. వెనుక బ్రేకుకు ఒక పొడుగాటి రాడ్డు ఉంటుంది, దాని చివర ఒక నట్టు. నట్టు బిగించినకొద్దీ బ్రేకు దగ్గరవుతుంది. మరీ బిగిస్తే, కాలితో తొక్కకపోయినా లోపలి లైనర్లు చక్రాన్ని పట్టుకునే ఉంటాయి. అంటే ఇన్నాళ్ళూ నేను బ్రేకు వేసిన బండిని అడవంతా ఈడ్చాను. ఇంజను కాగక ఏమవుతుంది? మనిషైనా కాగుతాడు. ఇంజనులో రోగం లేదు. దాన్ని వెనుక నుంచి ఎవరో గుంజి పట్టుకున్నారు. మరి బండి మొండికేస్తోందని నాకు తెలియలేదా అంటే, తెలియలేదు. నేను నేర్చుకున్నదే ఆ బండి మీద. మొదటి రోజు నుంచీ అది బిగించే ఉంది. వదులుగా ఉన్న బండి ఎట్లా పోతుందో నేనెప్పుడూ ఎరగను.

పానా లేదు. బండితో వచ్చే పానాల సంచిని "నీకెందుకు" అని నాయిన ఇంట్లోనే పెట్టుకున్నాడు. కాలితో, రాడ్డు దూరి ఉన్న బ్రేకు చెయ్యిని ముందుకు నొక్కిపట్టి, నట్టుకు చున్నీ చుట్టి, చేత్తోనే తిప్పాను. సులువుగా తిరిగింది. అప్పుడు చూశాను రాడ్డు మీది మరలను. బండంతా తుప్పు, బురద. ఆ ఒక్క అంగుళం మాత్రం నూనె పెట్టి, కొత్త గాజులా మెరుస్తోంది. రోజూ ఎవరో తిప్పితే తప్ప అట్లా ఉండదు. నాలుగు చుట్లు వదిలి, చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. బండెక్కి గేరు వేశాను. అది ముందుకు ఉరికిన ఉరుకుడుకు హ్యాండిలుకు అతుక్కుపోయాను. గుంపు చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. చింతచెట్టు కింద తల్లులంతా ఉన్నారు. ఇంజను మీద చేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. పిల్లలకు సూదులు వేస్తూ ఏడ్చాను. పిల్లలు ఏడుస్తుంటే నర్సమ్మ కూడా ఏడుస్తోందేమిటని తల్లులు తమ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు.

దారంతా సారయ్యనే అనుమానించాను. వారం వారం గిరాకీ కోసం చేస్తున్నాడనుకున్నాను. కానీ శుక్రవారం ఒక్కరోజు బిగిస్తే మరలు రోజూ తిప్పినట్టు మెరవవు కదా. పరీక్ష చేయాలనుకున్నాను. నా సంచిలో పిల్లల నోటిపూతకు రాసే ఊదారంగు మందు ఉంది. ఒకసారి అంటితే వారం దాకా సబ్బుకూ బూడిదకూ పోదు. శుక్రవారం సాయంత్రం, నాయిన బండిని దుకాణం నుంచి తెచ్చి నిలబెట్టాక, ఆ నట్టు చుట్టూ, సందుల్లో, దూది పుల్లతో మందు దండిగా పూశాను. చీకట్లో కనపడదు. పొద్దున లేచి మామూలుగా ముఖం కడుక్కుని, కుంపటి దగ్గర కూర్చున్నాను. నాయిన వాకిట్లో నుంచి వచ్చాడు, చాయగ్లాసు అందుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నేరేడుపళ్ళు తిన్న నోరులా ఊదాగా ఉన్నాయి. ఆయన చూసుకోలేదు. అమ్మ చూసింది.

"ఆ ఏలుకు ఏందయ్యా?" అంది.

నాయిన వేలు చూసుకున్నాడు. చొక్కాకు తుడిచాడు. చొక్కాకు అంటలేదు, వేలి నుంచి పోలేదు. నా వైపు చూశాడు.

"నువ్వేనా?" అన్నాను. "నా నౌకరి పోవాలని ఎనిమిది నెలల సంది పొద్దుగాల లేసి బ్రేకు బిగిస్తున్నవా? నీకు పోయేటప్పుడు ఒదులు చేసుకుని, నాకు బిగించి, మళ్ళ నా చేతిలనే దరిద్రం ఉన్నదంటవా?"

"నౌకరి పోవాలని కాదు" అన్నాడు.

"మరి?"

"నువ్వు ఉరుకుతవు. ఎనక బ్రేకు ఒదులున్న బండి యమునిది. హాలేజీ మీద నేను సూడలేదా?"

"ఇది హాలేజీ కాదు నాయినా! బాయిల ఆగితె బతుకుతరేమో. నా పనిల ఆగితె పిల్లలు సస్తరు. నేను పది దాటినంక పోతే సూది ఎవలకెయ్యాలె, చెట్లకా?"

ఆయన నేలచూపులు చూశాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, "నడిపేటామె మంచిగ నడిపితె బిగుసున్నా ఆగుతదా బండి" అని గొణిగాడు. అప్పటిదాకా కుంపటి ఊదుతున్న అమ్మ గొట్టం నేలకేసి కొట్టింది. "సిగ్గుండాలె" అంది. "పొయ్యి ఆ డాక్టరమ్మకు నీ నోటితోనే చెప్పిరా. చెప్పకుంట ఇంటికొస్తె బువ్వ లేదు."

అంతకుముందు వారపు ఆలస్యానికి మూడో మెమో కూడా తయారైంది, ఆ రోజు దానికి నేను జవాబు ఇవ్వాలి. నా ముందే నట్టు నాలుగు చుట్లు వదిలించి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తోలాను. కావాలనే వేగంగా పోయాను. గోతి వచ్చినప్పుడల్లా ఆయన వేళ్ళు నా భుజంలో దిగేవి. డాక్టరమ్మ బల్ల వెనుక కూర్చుని ఉంది. మా నాయిన మాట్లాడతాడని చెప్పి పక్కకు నిలబడ్డాను. ఆమె పెన్ను దించి, "చెప్పండి పెద్దాయనా, ఆ బండికి ఏమవుతోంది?" అంది. నాయిన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. గోడ మీద పోలియో బొమ్మ వైపు చూశాడు. తర్వాత అన్నాడు:

"బండికి ఏం కాలె మేడం. పిల్ల కొత్తది, నడుపుడు తెల్వకపాయె. ఇప్పుడు నేర్చుకున్నది. ఇగ మంచిగ నడుపుతది. నాది గ్యారంటీ."

డాక్టరమ్మ, నవ్వని మనిషి, నవ్వింది. కన్నతండ్రి వచ్చి గ్యారంటీ ఇస్తుంటే ఇంకేం కావాలని మెమో కాగితాన్ని సొరుగులో పడేసింది. నా నౌకరి నిలబడింది. ఎట్లా నిలబడిందంటే, నాకు బండి నడపడం రాదన్న మాటను ఆసుపత్రి రికార్డంత గట్టిగా చేసి నిలబడింది. ఇంతలో ఆమె చూపు ఆయన వేళ్ళ మీద పడింది. "ఇదేమిటి, నోరు పూసిందా? మందు మీరే రాసుకున్నారా?" అంది. ఆయన ముందున్నవి రెండే దారులు. నిజం చెప్పడం ఒకటి. "అవ్ మేడం" అన్నాడు మా నాయిన, "నోరు పూసింది." ఆమె నాతో, "సరిగ్గా రాసి పంపు. నాలుక మీద, బుగ్గల లోపల" అంది. మందు సీసా తీశాను. "నోరు తెరువు" అన్నాను. తెరిచాడు. జన్మలో అంత శ్రద్ధగా నేను ఎవరికీ మందు రాయలేదు. పైన, కింద, నాలుక కింద, చిగుళ్ళకు, రెండో సీసా కూడా విప్పి రాశాను. వారం రోజులు ఆయన అరుగు మీద నోరు మూసుకుని కూర్చున్నాడు. బీడీ రుచి తెలియలేదట. అమ్మ రెండుపూటలా బువ్వ పెట్టింది కానీ ఆ నోరు చూసినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునేది.

తర్వాత ఆయన ఆ నట్టు ముట్టలేదు. పానా ఇంట్లో కనపడకుండా పోయింది. బండి నా చేతిలో తొమ్మిదేళ్ళు నడిచింది, ఒక్కరోజు వేడెక్కలేదు. నౌకరి పర్మినెంటు అయింది, ఇప్పుడు పాతిక ఊళ్ళకు సూపర్‌వైజర్ని. నా కింద పని చేసే పిల్లలు స్కూటీల మీద పాటలు పెట్టుకుని వెళ్తారు. ఆ వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. వాళ్ళను చూసి ఎవరూ తలలు తిప్పరు. వాళ్ళ ఇళ్ళలో తండ్రులు ఏం బిగిస్తున్నారో నాకు తెలియదు. ఈ కాలంలో ఫోన్లో చూస్తుంటారట, పిల్ల ఎక్కడ ఉందో, ఎంత స్పీడులో పోతోందో. కనీసం వీళ్ళకు తమను చూస్తున్నారని తెలుసు. మా నాయిన భయపడ్డాడు, అది నాకు అప్పుడే తెలుసు. భయపడితే భయమైతుంది బిడ్డా అని ఒక్కమాట అనవచ్చు. ఆ మాట అనడం కంటే కూతురు చేతకానిదని ఊరంతా అనుకోవడమే ఆయనకు సులువైంది. ఆఖరి ఆరేళ్ళు ఆయనకు అన్నం కలిపి పెట్టాను, దవాఖానాలకు తిప్పాను, కాళ్ళు కడిగాను. క్షమించి చేయలేదు. చేయాలి కనుక చేశాను.

పానా పట్టుకుని బయటికి వచ్చాను. బంతి లేచిపోయింది. సారయ్య ఒక్కడే అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. పానా ఆయన ముందు పెట్టి, ఊదా మరక చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. వక్క నమిలాడు.

"తెలుసు చెల్లె" అన్నాడు.

"ఏం తెలుసు?"

"రాడ్డు మీద మరలు సూస్తె తెల్వదా, మెకానికును. రెండో వారమే అడిగిన. 'పిల్ల ఉరుకుతది సారయ్యా, నువ్వు సప్పుడు చెయ్యకు' అన్నడు."

"తెలిసి హెడ్డెందుకు ఇప్పినవ్?"

"పెద్దమనిషి తెచ్చి నిలబెట్టిండు. ఇప్పిన."

"మరి నడుపరాదని నా మీద ఎందుకేసినవ్ అన్నా?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నేను ఏసుడేంది? ఆడపిల్ల బండి కాగిందంటె ఎవలైనా నడిపేటామెనే అంటరు. గది కొత్తగ నేను అనాల్నా?"

ఆయన అమ్మతో చెప్పి వెళ్ళడానికి లోపలికి పోయాడు. గేటు పక్కన ఆయన బండి ఉంది, పాత రకం, వెనుక రాడ్డు బ్రేకుదే. మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండ. ఊరికి ముప్పై కిలోమీటర్లు పోవాలి. కూర్చున్నాను. పద్నాలుగో నంబరు నట్టు, పానా సరిగ్గా పట్టింది. నాలుగు చుట్లు బిగించి, చీర కొంగుతో చేయి తుడుచుకుని లేచాను. సారయ్యకు ఇప్పుడు చూపు సరిగా లేదు, దుకాణం కొడుక్కు ఇచ్చేశాడు. నాకు నమస్కారం పెట్టి, కిక్కు కొట్టి, బండెక్కి పోయాడు.

మూడు దాటాక ఫోను వచ్చింది. రోడ్డు పక్క నుంచి చేస్తున్నట్టుంది, లారీల చప్పుడు. "చెల్లె, బండి మస్తు కాగి ఆగిపోయింది. కాలు పెట్టనిస్తలేదు. నువ్వు గాని ఏమన్న..."

"నాకేం తెలుసన్నా" అన్నాను. "నా చేతిల వేడెక్కదు. నీకు నడుపరాదు గావచ్చు."

ఫోను పెట్టేశాను. లోపల బూరెల గంగాళం తోముతున్న అమ్మ చప్పుడు ఆపింది. "అచ్చం మీ నాయిన మాటనే" అంది.

ఆ ఒక్క మాటకు అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.